ఇంటి బయటి గోడలకు టెక్స్చర్, రంగు ఎంచుకోవడం ఎలా: ప్లాస్టరింగ్ నుంచి చివరి కోటింగ్ దాకా

సొంతిల్లు కట్టుకునేవాళ్లలో చాలామంది బయటి గోడల రంగు గురించి ఆలోచించేది అన్నిటికంటే ఆఖర్న, గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించుకున్నాక. అప్పటికి ప్లాస్టరింగ్ అయిపోయి ఉంటుంది. గేటు బిగించేసి ఉంటారు, మెట్లకు గ్రానైట్ పరిచేసి ఉంటారు, చేతిలో డబ్బు కూడా అడుగంటి ఉంటుంది. ఇంజనీరు ఇచ్చిన త్రీడీ ఎలివేషన్ బొమ్మ ఫోన్లో చూపించి, ఇదే రావాలని పెయింటర్‌కి చెప్పేస్తారు. ఆ బొమ్మలో నాలుగు గంటల ఎండ ఉండదు, జడివాన ఉండదు, రోడ్డు దుమ్ము ఉండదు, పక్కింటి ఆకుపచ్చ గోడ అసలే ఉండదు.

నేను చెప్పే పద్ధతి దీనికి తలకిందులు. ముందు టెక్స్చర్ (గోడ పైపొర నున్నగానా, గరుకుగానా, ఏ తీరుగా ఉండాలన్నది) తేల్చుకోవాలి, రంగు ఆ తర్వాత. ఏ టెక్స్చర్ అన్నది గోడ మీద పడే ఎండా వానా నిర్ణయించాలి. ఏ రంగు అన్నది ఇంట్లో ఇక మార్చలేని వస్తువులు నిర్ణయించాలి. షేడ్ కార్డు చేతిలోకి తీసుకోవాల్సింది ఈ రెండూ అయ్యాకే.

1. గోడల చుట్టూ ఒకసారి తిరగండి

ఒక కాగితం మీద ఇంటి ప్లాను గీసుకుని, నాలుగు వైపులా ఏ గోడకు ఏం తగులుతుందో రాసుకోండి. మన దగ్గర ఎండాకాలంలో సూర్యుడు దాదాపు నడినెత్తి మీద ఉంటాడు. అందువల్ల వేసవిలో దక్షిణం గోడ మీద అనుకున్నంత ఎండ పడదు, తూర్పు, పడమర గోడలే కాలతాయి. అందులోనూ పడమటి గోడ మధ్యాహ్నం నుంచి వేడిని తాగి, రాత్రి పడుకునే వేళకు గదిలోకి వదులుతుంది. ఖమ్మం, రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల ఉండేవాళ్లకు ఈ సంగతి నేను చెప్పనక్కర్లేదు.

వానది మరో లెక్క. తెలంగాణలో నైరుతి రుతుపవనాల జల్లు ఎక్కువగా పడమర, నైరుతి గోడల్ని కొడుతుంది. కోస్తాలో అక్టోబరు, నవంబరు తుపాన్లకు తూర్పు, ఈశాన్యం వైపు గోడలు తడుస్తాయి. సముద్రానికి దగ్గరగా ఉంటే ఉప్పుగాలి కూడా తోడవుతుంది. ఉత్తరం గోడ వానకు తడిశాక తొందరగా ఆరదు, నాచు పట్టేది అక్కడే. పక్కింటి గోడకూ మన గోడకూ మధ్య మూడడుగుల సందు ఉంటే, ఆ సందులో ఏ దిక్కు గోడైనా ఉత్తరం గోడ కిందే లెక్క.

ఇంకో రెండు గుర్తులు కూడా పెట్టుకోండి: బాత్రూమ్ పైపులు దిగే గోడ ఏది, రోడ్డు దుమ్ము నేరుగా వచ్చి పడే గోడ ఏది.

2. గోడ సిద్ధంగా ఉందా?

కొత్త సిమెంటు ప్లాస్టరింగ్‌లో క్షారం ఎక్కువగా ఉంటుంది, లోపల నీరు ఉంటుంది. బయటి గోడకు మామూలుగా రెండు కోట్లలో 20 మిల్లీమీటర్ల దాకా గిలాబు వేస్తారు. కనీసం వారం రోజులు నీళ్లు కొట్టి, ఆ తర్వాత ఆరనివ్వాలి. మొత్తం మీద 28 రోజులైనా గడవకుండా ప్రైమర్ వేయకూడదు. ముహూర్తం దగ్గరపడిందని వారానికే రంగు వేయిస్తే, మొదటి వానాకాలం దాటేసరికి తెల్లటి ఉప్పు పొడిలా తేలుతుంది, లేదా పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. అంత తొందరైతే గృహప్రవేశం నాటికి బయటి గోడలను అలాగే వదిలేసి, పూజ కానిచ్చేయండి. అసలు పని తర్వాత నిదానంగా చేయించుకోవచ్చు. తోరణాలూ పూలదండలూ కట్టాక గోడ రంగు ఎవరూ చూడరు.

గోడ ఆరిందో లేదో తెలుసుకోవడానికి మీటర్లు అక్కర్లేదు. రెండడుగుల ప్లాస్టిక్ కవరు గోడకు ఆనించి, నాలుగు వైపులా టేపు వేసి ఒక రోజు వదిలేయండి. మర్నాడు కవరు లోపలివైపు నీటి చెమ్మ కనిపిస్తే ఇంకా ఆగాలి. అలాగే తాపీ పిడితో గోడంతా తట్టుకుంటూ వెళ్లండి. డొల్ల చప్పుడు వచ్చినచోట ప్లాస్టరింగ్ గోడను పట్టుకోలేదని అర్థం. అంతమేరా కొట్టేసి మళ్లీ చేయించాల్సిందే.

పగుళ్లను కూడా రెండు రకాలుగా విడదీయండి. వెంట్రుకవాసి పగుళ్లు, దేశపటంలా అల్లుకుపోయినవి, సిమెంటు ఎక్కువై గానీ, క్యూరింగ్ చాలక గానీ వస్తాయి. ప్లాస్టరింగ్‌కి రాతిపొడి ఎక్కువున్న రోబో శాండ్ వాడినా వస్తాయి. వీటిని క్రాక్ ఫిల్లర్‌తో నింపి టెక్స్చర్ వేస్తే సరిపోతుంది. కాంక్రీటు బీము, ఇటుక గోడ కలిసేచోట అడ్డంగా సాగే గీత వేరు. అక్కడ ప్లాస్టరింగ్ లోపల చికెన్ మెష్ (సన్నటి ఇనుప తీగల వల) పెట్టి ఉండాల్సింది. పెట్టకపోతే, పైన ఎంత ఖరీదైన టెక్స్చర్ వేసినా ఏడాదిలో అదే గీత మళ్లీ కనిపిస్తుంది. నల్లరేగడి నేలల్లో మెట్లు మెట్లుగా ఐమూలగా వచ్చే పగుళ్లయితే పెయింటర్ పని కాదు, పునాది చూసే ఇంజనీరుని పిలవాలి.

పాత ఇల్లయితే గోడను వేలితో రుద్దండి. వేలికి తెల్లటి పొడి అంటితే పాత సున్నమో, సిమెంటు పెయింటో ఇంకా ఉందన్నమాట. వైరు బ్రష్‌తో గీకి, కడిగి, ఆరాకే ప్రైమర్. పొడి మీద వేసిన రంగు పొడితోపాటే రాలిపోతుంది.

3. టెక్స్చర్ ఎంచుకోవడం

ఇక్కడ కాస్త నిదానంగా ఆలోచించండి. రంగు నచ్చకపోతే ఐదారేళ్లకు మార్చుకోవచ్చు. టెక్స్చర్ ఒకసారి వేశాక దాన్ని తీయడమంటే గోడంతా చెక్కడమే.

అన్నిటికంటే చవక, నా దృష్టిలో అన్నిటికంటే మంచిది, మేస్త్రీ చేతిలోనే ఉంది. అదే ఇసుక ఫినిషింగ్. రెండో కోటు ప్లాస్టరింగ్ పచ్చిగా ఉండగానే స్పాంజితో తిప్పి రుద్దితే సన్నటి ఇసుక రేణువు పైకి తేలుతుంది. గోడ సమంగా గరుకుగా ఉంటుంది, దుమ్ము పెద్దగా నిలవదు, మళ్లీ రంగు వేయడం సులువు. దీనికి ప్లాస్టరింగ్ రోజే మేస్త్రీకి చెప్పాలి, ఒకే మేస్త్రీ చేత చేయించాలి. చేతులు మారితే గోడ మీద అతుకులు కనిపిస్తాయి.

పుట్టీ పెట్టి నున్నగా చేసిన గోడ కొత్తలో ఖరీదుగా కనిపిస్తుంది. కానీ పొద్దుటి ఎండ, సాయంత్రపు ఎండ గోడ మీద ఏటవాలుగా పడినప్పుడు ప్లాస్టరింగ్‌లోని ప్రతి ఎగుడుదిగుడూ అలలు అలలుగా బయటపడుతుంది. మట్టం బాగా కుదిరిన చిన్న గోడలకే నున్నటి ఫినిషింగ్ పెట్టుకోండి. బయట వాడే పుట్టీ సిమెంటు రకమే అయి ఉండాలి. లోపలి గదులకు వాడే యాక్రిలిక్ పుట్టీ వానకు ఉబ్బి ఊడిపోతుంది.

షాపుల్లో అందరూ అడిగేది రస్టిక్. పలుకులు కలిసిన ముద్దను తాపీతో ఎక్కించి, ప్లాస్టిక్ తాపీతో లాగితే పలుకులు దొర్లి గీతలు పడతాయి. పైనుంచి కిందికి లాగితే నిలువు గీతలు, గుండ్రంగా తిప్పితే సుడులు. నిలువు గీతలే అడగండి, వాననీరు వాటి వెంట జారిపోతుంది. అడ్డ గీతల్లో, సుడుల్లో దుమ్ము కూర్చుంటుంది, దాని మీద తడి చేరితే నల్లటి నాచు. రోడ్డు దుమ్ము పడే గోడకు, కొత్తగూడెం లాంటి బొగ్గు ఊళ్లలో ఏ గోడకైనా, లోతు గీతల రస్టిక్ వద్దనే అంటాను.

రోలర్ టెక్స్చర్‌కి నారింజ తొక్క లాంటి పైపొర వస్తుంది. పలచగా ఉంటుంది, పని తొందరగా అవుతుంది, ప్లాస్టరింగ్ చిన్న లోపాలను దాచేస్తుంది. మొత్తం ఇంటికి ఒకే టెక్స్చర్ కావాలనుకునేవాళ్లకు ఇసుక ఫినిషింగ్ తర్వాత ఇదే. స్ప్రే టెక్స్చర్‌లో మెషిన్‌తో చిమ్మిన చుక్కలు నిలుస్తాయి. పెద్ద గోడలకు బాగుంటుంది, గాలి ఉన్న రోజు మాత్రం పక్కింటి కారు మీద కూడా పడుతుంది. పాత ప్రభుత్వ క్వార్టర్లలో కనిపించే, చిన్న కంకర విసిరి అంటించిన గోడలు గట్టిగానే ఉంటాయి. వాటికి మళ్లీ రంగు వేయాలంటే మాత్రం బ్రష్ ప్రతి గుంటలోకీ వెళ్లాలి, పెయింటర్ విసుక్కుంటాడు.

అమ్మేవాళ్లు సాధారణంగా చెప్పని సంగతులు రెండున్నాయి. రస్టిక్ లాంటి టెక్స్చర్ కింద పుట్టీ అక్కర్లేదు. గట్టి ప్లాస్టరింగ్, దాని మీద ప్రైమర్ ఉంటే చాలు, మధ్యలో పుట్టీ పొర ఉంటే టెక్స్చర్ బరువుకు ఊడే ప్రమాదమే ఎక్కువ. రెండోది, టెక్స్చర్ తనంతట తాను వానను ఆపదు. దాని మీద బయటి గోడల ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే రంగు) రెండు కోట్లు పడాలి. రేటు తక్కువగా చెప్పిన కాంట్రాక్టర్ తరచూ ఎగ్గొట్టేది ఈ రెండు కోట్లనే.

4. ఎక్కడ ఎంత

ఒక ఇంటి ముందు గోడ మీద రస్టిక్, దాని పక్కన రాతి టైల్స్, పైన చెక్క డిజైను, పిట్టగోడకు జాలీ, మధ్యలో మెరిసే ఏసీపీ (అల్యూమినియం) షీటు. కాలనీల్లో ఇలాంటివి ఎన్నో చూస్తాం. ఒక ఇంటికి ఒక టెక్స్చర్ చాలు, మరీ మోజైతే రెండు. ముఖ్యమైన గోడలన్నీ ఇసుక ఫినిషింగో రోలరో పెట్టి, పైన సజ్జా ఉండి వాన నేరుగా పడని ఒక్క గోడకు, అంటే పోర్టికో వెనక గోడకో, మెట్ల గోడకో రస్టిక్ పెట్టుకోండి.

అలంకారం ఎక్కువైతే తప్ప గోడ అందంగా ఉండదనుకునేవాళ్లు ఒకసారి హైదరాబాద్ సంతోష్‌నగర్ దగ్గరి పైగా వంశ ప్రభువుల సమాధులు చూసి రావాలి. 1591 నాటి చార్మినార్ మీదా, గోల్కొండ దగ్గరి కుతుబ్ షాహీ సమాధుల మీదా ఉన్నది కూడా సున్నపు గచ్చు పనే. ఆ పైగా సమాధుల గోడల్లో లతలూ జాలీలూ కనిపించేది రంగుల వల్ల కాదు. సున్నపు తెలుపొక్కటే, మిగతా పనంతా నీడలది. టెక్స్చర్ ఉన్న గోడకు ఒకే లేత రంగు వేస్తే ఎండ తిరిగేకొద్దీ గోడ మారుతూ కనిపిస్తుంది. టెక్స్చర్‌కి ఒక రంగు, గీతలకు ఇంకో రంగు వేసే డబుల్ కలర్ పనిలో ఆ నీడలు పోతాయి.

పెద్ద గోడను గాళ్లు పెట్టి విడదీయండి, ప్లాస్టరింగ్‌లోనే 10 నుంచి 12 మిల్లీమీటర్ల వెడల్పు గ్రూవ్‌లు. ఒక గాడి నుంచి ఇంకో గాడి దాకా ఉన్న భాగాన్ని ఒకే పూటలో ఆపకుండా ముగించాలి. భోజనానికి మధ్యలో దిగితే ఎండిన అంచు మీద తడి అంచు పడి, ఆ అతుకు ఎప్పటికీ కనిపిస్తుంది. గాళ్ల స్థానం కిటికీల పై అంచులకు, స్లాబ్ మట్టానికి కలిసేలా చూసుకోండి.

సజ్జా అడుగున అంచుకు దగ్గరగా చిన్న నీటి గాడి ఉందో లేదో చూడండి. లేకపోతే నీరు సజ్జా కింది నుంచి పాకి గోడ మీదకు దిగుతుంది. కిటికీల కింద కనిపించే ఆ నల్లటి చారలకు చాలా ఇళ్లలో కారణం ఇదే, రంగు కంపెనీ కాదు. పిట్టగోడ పైభాగం వాలు కూడా మిద్దె లోపలికే ఉండాలి.

5. ఇప్పుడు రంగు

ముందుగా మారని వాటి జాబితా రాయండి. మెట్ల గ్రానైట్, వరండాలో బండలు, గేటు, గ్రిల్స్, కిటికీల ఫ్రేములు, మెయిన్ డోర్ పాలిష్, పెంకులుంటే పెంకులు. గోడ రంగు వీటిలో దేనితోనైనా చుట్టరికం కలుపుకోవాలి. కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైట్ ఉంటే మీగడ రంగు, లేత ఇసుక రంగు కలుస్తాయి, నీలి ఛాయ ఉన్న బూడిద రంగు దాని పక్కన రోగిష్టిగా కనిపిస్తుంది. చీమకుర్తి గెలాక్సీ నలుపుకు దాదాపు ఏదైనా సరే. తాండూరు బండల్లో నీలిబూడిద రకం ఒకటి, పసుపు రకం ఒకటి ఉన్నాయి. మీది ఏదో చూసి, నీలిబూడిదకు చల్లటి తెలుపు, పసుపుకు వెచ్చటి తెలుపు తీసుకోండి. కడప నల్లబండల పక్కన పసుపు ఛాయ ఉన్న తెలుపు బాగా పలుకుతుంది.

తర్వాత ఎండ లెక్క. రంగు ఎంత వెలుతురును తిప్పికొడుతుందో చెప్పే అంకె ఒకటుంది, ఎల్ఆర్‌వీ అంటారు, 0 నుంచి 100 దాకా. కొన్ని కంపెనీల షేడ్ కార్డుల్లో షేడ్ పక్కనే ఉంటుంది, లేదంటే డీలర్ని అడగండి. పడమటి గోడకు 55, 60 పైన ఉన్న రంగు తీసుకోండి. 30 లోపు ముదురు రంగుల్ని నీడలో ఉండే గోడలకే ఉంచండి. ఇంటి వేడిలో గోడ కంటే మిద్దెదే పెద్ద వాటా కాబట్టి, కొంత డబ్బు అక్కడ తెల్లటి కూల్ కోటింగ్‌కి మిగుల్చుకోండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఇందుకే.

అన్ని రంగులూ ఒకేలా వెలిసిపోవు. ఐరన్ ఆక్సైడ్ నుంచి వచ్చే జాజు ఎరుపు, గోధుమ, మట్టి పసుపు, వాటికి తోడు బూడిద ఛాయలు ఎండకూ సిమెంటు క్షారానికీ బాగా తట్టుకుంటాయి. కళ్లు చెదిరే ఎరుపు, నిమ్మపసుపు, వంగపండు రంగు, మెరిసే నారింజ త్వరగా వెలుస్తాయి. వాస్తు ప్రకారం ఫలానా దిక్కుకు ఫలానా రంగు అని పెద్దవాళ్లు పట్టుబడితే గొడవ పడకండి. ఆ రంగులోనే మట్టి ఛాయ ఉన్న, మూడు మెట్లు లేత షేడ్ తీసుకుంటే అందరి మాటా నిలబడుతుంది.

పునాది మట్టం దగ్గర మన పల్లెటూళ్ల పద్ధతిని మించింది లేదు. గోడంతా సున్నం, అడుగున మూరెడు ఎత్తున జాజు పట్టీ. వాన చినుకు నేల మీద పడి ఎర్రమట్టిని గోడ మీదకు చిమ్మితే, మచ్చ జాజులో కలిసిపోతుంది. ఇప్పటి ఇంటికీ అదే చేయండి. అడుగున రెండడుగుల ఎత్తు దాకా మీ నేల మట్టి రంగుకు దగ్గరి ముదురు షేడ్, నున్నటి ఫినిషింగ్. అక్కడ మాత్రం టెక్స్చర్ వద్దు, కడుక్కోవాల్సిన చోటు అది.

మొత్తం మీద గోడలకు ఒక రంగు, సజ్జాలకూ పట్టీలకూ ఒకటి, అడుగు పట్టీకి ఒకటి. నాలుగో రంగు కావాలనిపిస్తే అది తలుపుకో గేటుకో ఇవ్వండి.

6. మచ్చు గోడ

షేడ్ కార్డు ముక్క అంగుళం ఉంటుంది, గోడ వెయ్యి చదరపు అడుగులు. ఆరుబయట రంగు కార్డు మీద కన్నా లేతగా, అయినా ఘాటుగా కనిపిస్తుంది. కాబట్టి కార్డులో కాస్త చప్పగా, బూడిద కలిసినట్టున్న షేడే గోడ మీద సరిగ్గా ఉంటుంది. కార్డులో "లేత గులాబీ" అనిపించింది ఇంటి మీద పెళ్లి మండపంలా తయారవుతుంది.

రెండు మూడు షేడ్లు చిన్న డబ్బాల్లో కలిపించి తెచ్చి, ఒక్కోటి మూడడుగుల చదరంగా, తూర్పు గోడ మీదా పడమర గోడ మీదా వేయించండి. అసలు వేయబోయే టెక్స్చర్ మీదే వేయించాలి. గరుకు గోడ మీద గుంటల్లో నీడ నిలుస్తుంది కాబట్టి అదే రంగు ఒక మెట్టు ముదురుగా కనిపిస్తుంది. ఒక షేడ్ పక్కనే ఇంకోటి ఆనించకుండా మధ్యలో ఖాళీ వదలండి. పొద్దున ఎనిమిదికి, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం ఐదు దాటాక, వీధి లైటు వెలిగాక చూడండి. రోడ్డు అవతలి నుంచి కూడా చూడండి. వీలైతే బకెట్టు నీళ్లు కొట్టి తడిగోడ ఎలా ఉందో కూడా.

7. కొనడం, మాట్లాడుకోవడం

చదరపు అడుగు లెక్కన మాట్లాడుకునేటప్పుడు కిటికీలు, తలుపులు తీసేసి కొలుస్తారా కలిపి కొలుస్తారా అని ముందే అడగండి. సజ్జాల అంచులు, గాళ్లు, పిట్టగోడ లోపలివైపు, పరంజా ఖర్చు ఇవన్నీ ఎవరి లెక్కలోకి వస్తాయో కాగితం మీద పెట్టుకోండి. "మెటీరియల్‌తో కలిపి" అంటే ప్రైమర్ ఏది, టెక్స్చర్ ఏది, పై కోట్లు ఎన్ని అన్నది పేరుతో సహా రాయించండి. గరుకు గోడ నున్నటి గోడ కంటే ఎక్కువ రంగు తాగుతుంది, డబ్బా మీద రాసిన కొలత కంటే కాస్త అదనంగా లెక్క వేసుకోండి. ముదురు షేడ్లకు బేస్ (షేడ్ కలపడానికి వాడే మూల పెయింటు) వేరు, ధర కూడా వేరు.

ఒక గోడకు కావాల్సిన డబ్బాలన్నీ ఒకేసారి కలిపించి, బ్యాచ్ నంబరు ఒకటే ఉందో లేదో చూసుకోండి. తేడా ఉంటే పెద్ద డ్రమ్ములో కలిపేసి వాడమనండి.

8. పని జరిగే రోజుల్లో

డిసెంబరు నుంచి మార్చి మొదలు దాకా పనికి మంచి కాలం. ఏప్రిల్, మే నెలల్లో చేయక తప్పకపోతే పెయింటర్లను ఎండకు వ్యతిరేకంగా తిప్పండి: పొద్దున పడమర గోడ, మధ్యాహ్నం తర్వాత తూర్పు గోడ. కాలిపోతున్న గోడ మీద టెక్స్చర్ లాగేలోపే ఎండిపోతుంది. మబ్బు పట్టిన రోజు కొత్త గోడ మొదలుపెట్టొద్దు.

సున్నంతో కట్టిన పాత మండువా ఇళ్లకు ఈ లెక్కలన్నీ వర్తించవు. ఆ గోడలు తడిని పీల్చి వదిలే రకం. వాటి మీద సిమెంటు గిలాబు, ఎమల్షన్ పడితే తడి లోపలే ఉండిపోయి గోడ గుల్లబారుతుంది. కుతుబ్ షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలైన పునరుద్ధరణలో కూడా వెనకటి సిమెంటు పూతను తీసేసి సున్నపు పూతే మళ్లీ వేశారు. గానుగ సున్నం తెలిసిన మేస్త్రీ దొరికితే అతని చేతే పూయించి, పైన నీలిమందు కలిపిన సున్నమో, జాజో వేయించుకోండి.

పని అయ్యాక మిగిలిన రంగులో ఒక లీటరు గట్టిగా మూతపెట్టి ఉంచండి. డబ్బా మీద షేడ్ కోడ్, బ్యాచ్ నంబరు, ఏ గోడకు వాడారో మార్కర్‌తో రాయండి, ఆ డబ్బాను ఫోటో కూడా తీసి పెట్టుకోండి. మొదటి పెద్ద వాన వెలిసిన మర్నాడు ఇంటి చుట్టూ తిరిగి, ఎక్కడ తడి ఆరలేదో సుద్దతో గుర్తు పెట్టి, కాంట్రాక్టర్‌కి ఇవ్వాల్సిన చివరి వాయిదా ఆ మచ్చల సంగతి తేలాకే ఇవ్వండి.